ఊదింది ఎవరు

నిఘంటువు కార్యాలయం, రెండో అంతస్తు
జనవరి 9

మామయ్యా,

నీ మేనకోడలు పిల్లకి ప్రమోషనొచ్చింది. సంబరపడకు, జీతం పెరగలేదు. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళు రాసినవి దిద్దుతూ కూర్చున్నాను. ఇప్పుడు నాకంటూ ఒక మాట ఇచ్చారు. ఆ మాట "ఊదు".

మా పెద్దసారు ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇదిగోనమ్మా, చిన్న మాట, రెండే అక్షరాలు. జూన్ నెలాఖరుకి పూర్తి చెయ్యి" అని వెళ్ళిపోయాడు. తెరిచి చూస్తే అందులో ఉన్నవి తొమ్మిదంటే తొమ్మిది చీటీలు. కనీసం అరవై ఉంటే గానీ అర్థాలు విడదీయడం కుదరదు.

మా పద్ధతి నీకు తెలియదు కదా, చెబుతాను విను. ఇక్కడ కూర్చుని వాక్యాలు కల్పించడానికి వీల్లేదు. ఎవరో ఒక మనిషి నోటితో నిజంగా అన్న మాట కావాలి. దాన్ని అరచేతి వెడల్పు చీటీ మీద రాసి, కింద రెండు వరుసలు నింపాలి: ఎవరన్నారు, ఏం చేస్తూ అన్నారు. పేర్లక్కర్లేదు, పాలవాడనో పక్కింటావిడనో రాస్తే చాలు. ఆ రెండు వరుసల్లో మాత్రం అబద్ధం రాశామో, పెద్దసారు వాసన పట్టేస్తాడు. పోయిన నెల ఒకాయన "కూలీ అన్నాడు" అని రాస్తే, ఏ కూలీ, ఏం మోస్తున్నాడు, నువ్వెక్కడ నిలబడ్డావు అని అడిగి అడిగి, కల్పించిందేనని తేల్చి, ఆయన ముందే చీటీని నాలుగు ముక్కలు చేశాడు.

వీధంతా తిరిగాను. అందరూ "పొయ్యి ఊదు, ఈల ఊదు" అని ఆగిపోతున్నారు. అప్పుడు బుర్ర వెలిగింది. పొద్దున లేస్తే ఊదడమే పనిగా బతికే మనిషి మా మామయ్యే ఉండగా నేను ఊరి మీద పడటం ఏమిటని! గాజు ఊదేవాళ్ళ దగ్గర ఎన్ని రకాల ఊదడాలుంటాయో రాయి. దుకాణానికి వచ్చేవాళ్ళ మాటలు కూడా చెవిన వేసుకో. నీ చేతిరాత చీటీలే కావాలి.

అమ్మకి చెప్పలేదు. నీ మాటెత్తితే వంటింట్లో గిన్నెలు ఎంత గట్టిగా పెడుతుందో నీకు తెలుసుగా. నేను పుట్టకముందు నుంచీ ఇదే వరస. అక్కాతమ్ముళ్ళ మధ్య ఏం జరిగిందో మీ ఇద్దరూ చెప్పరు, నేను అడగడం మానేశాను. అయినా ఆవిడ చీటీ ఒకటి దొరికింది. ముప్పై ఏళ్ళు బళ్ళో ఆటల టీచరుగా చేసిన మనిషి కదా.

చీటీ: "నేను ఈల ఊదానంటే గాల్లో ఉన్న బంతి కూడా ఆగాలి."
ఎవరన్నారు: రిటైరైన ఆటల టీచరు.
ఏం చేస్తూ: పాత శిష్యురాలికి గొప్పలు చెప్పుకుంటూ.

నీ కోడలు


గాజు దుకాణం, వెనక గది
జనవరి 20

నిఘంటువమ్మగారికి,

ఇంతకాలానికి ఈ మామ చదువుకున్నవాళ్ళకి పనికొచ్చాడన్నమాట! నీ ఉత్తరం పక్క దుకాణం తాళాలవాడికి రెండుసార్లు చదివి వినిపించాను. అప్పట్నుంచి వాడు నా ముందు నోరు విప్పాలంటే జంకుతున్నాడు. అయినా నాలుగు పట్టాను.

చీటీ: "కాలిపోతోంది, ఊదుకుని తాగు."
ఎవరన్నారు: తాళాలవాడు.
ఏం చేస్తూ: నాకు టీ గ్లాసు అందిస్తూ.

చీటీ: "ఎవరో దాని చెవిలో ఊదారు, లేకపోతే అదలా మాట్లాడే మనిషి కాదు."
ఎవరన్నారు: వాడే.
ఏం చేస్తూ: పెళ్ళాంతో గొడవపడి వచ్చి, నా బల్ల మీద చతికిలబడి.

చీటీ: "మా పైఅధికారి చుట్టూ నలుగురుంటారు, నలుగురూ బాకా ఊదేవాళ్ళే."
ఎవరన్నారు: కాలేజీ ప్రయోగశాల గుమాస్తా.
ఏం చేస్తూ: ఆర్డరు కాగితం జేబులోంచి తీస్తూ.

చీటీ: "దీన్ని నేను ఊది పారేస్తా."
ఎవరన్నారు: నేను.
ఏం చేస్తూ: ఆ కాగితం మీద సంతకం పెడుతూ.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఇరవై లీటర్ల గుండ్రటి ఫ్లాస్కు కావాలట. లోపల ఏదో మరగబెడతారు, గోడ అన్నిచోట్లా ఒకే మందంలో ఉండాలి, లేకపోతే పేలుతుంది. మూడు దుకాణాలు తిరిగి, వాళ్ళందరూ చేతులెత్తేస్తే నా దగ్గరికొచ్చారు. మే పదిహేనుకి ఇవ్వాలి. ఇది చేశానంటే కాలేజీ వాళ్ళ గాజంతా ఇక మన దుకాణానిదే.

గాజు ఊదడమంటే దవడలు ఉబ్బించడం అనుకుంటావు. కాదు. లావుపాటి గాజు గొట్టాన్ని లేత్ యంత్రం మీద తిప్పుతూ మంటలో మెత్తబరుస్తాం. దాని వెనక కొసకి రబ్బరు గొట్టం, రబ్బరు గొట్టం ఇంకో కొస నోట్లో. ముక్కుతో పీల్చాలి, నోటితో వదలాలి. పీల్చేటప్పుడు నాలుకతో గొట్టం మూసి పట్టుకోవాలి, లోపలి గాలి వెనక్కి రాకుండా. ఆ పట్టు ఒక్క క్షణం సడలిందా, ఫ్లాస్కు నడుం చుట్టూ గీత పడుతుంది. గీత పడ్డ ఫ్లాస్కు పూలు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఫోన్ మాత్రం చెయ్యకు. బర్నర్ హోరులో నాకు వినపడి చావదు. ఉత్తరమే రాయి, హాయిగా ఉంటుంది.

మీ మామ


నిఘంటువు కార్యాలయం
ఫిబ్రవరి 11

మామయ్యా,

నాలుగింట్లో మూడు చీటీలు నెగ్గాయి. తాళాలవాడి చెవిలో ఊదడం మా పెద్దసారుకి తెగ నచ్చింది. "వాళ్ళావిడతో రాజీ అయిందా?" అని కూడా అడిగాడు, అదేదో అర్థానికి సంబంధించినట్టు.

నాలుగోదాన్ని మాత్రం పక్కన పెట్టాడు. "ఊదితే ఎగిరిపోయేంత తేలిగ్గా చేస్తానని అర్థం. బాగుంది. ఇంతకీ చేశాడా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "చేశాక పెట్టెలో వేద్దాం. ఉత్తి గొప్పలకి వేరే వరస ఉంది" అన్నాడు. కాబట్టి నీ ఫ్లాస్కు మీద నా మాట కూడా ఆధారపడి ఉంది, చూసుకో.

ఇంకో సంగతి. నీ చీటీలు ఇంట్లో బల్ల మీద మరిచిపోయాను. నేను స్నానం చేసొచ్చేసరికి అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదువుతోంది. నీ రాత గుర్తుపట్టింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఒక ముక్క అని లేచిపోయింది. అలవాటు కొద్దీ నేను రాసేశాను.

చీటీ: "వాడికి ఊదడం ఏం తెలుసు? వాడికి తెలిసింది మంట."
ఎవరన్నారు: అమ్మ.
ఏం చేస్తూ: తమ్ముడి చీటీలు వరసగా పేర్చి పెడుతూ.

దీనర్థమేంటి మామయ్యా? ముప్పై ఎనిమిదేళ్ళుగా దుకాణం నడుపుతున్నవాడికి ఊదడం తెలియదనడమేమిటి? నాకు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. నాన్న నన్నోసారి నీ దుకాణానికి తీసుకొచ్చాడు. ముందు గదిలో అద్దాల బీరువాలో పెద్ద ఫ్లాస్కు ఒకటి ఉంది, దాని మెడకి తాతయ్య రాతతో కాగితం, "మా వాడు ఊదింది" అని. ఇంటికొచ్చి అమ్మకి ఆ ఫ్లాస్కు ఎంత బాగుందో చెబితే, ఆవిడ అన్నం ముందు నుంచి లేచిపోయింది. నేనేం తప్పన్నానో అని ఆ రాత్రి ఏడ్చాను కూడా. ఇప్పుడైనా చెప్పు.

నీ కోడలు


గాజు దుకాణం
మార్చి 6

కోడలు పిల్లా,

మీ అమ్మ మాటలకి అర్థాలు వెతుక్కుంటూ కూర్చుంటే మీ నిఘంటువు ఇంకో పదేళ్ళకి కూడా అచ్చవదు. వదిలెయ్.

పని సాగుతోంది. నేను గుండ్రాయిలా ఉన్నాను. ఫ్లాస్కు కూడా ఇవాళో రేపో అయిపోతుంది. మీ పెద్దసారుని ఉత్తి గొప్పల వరస మూసెయ్యమను.

ఈసారి మూడే. బయటికి వెళ్ళడం తగ్గింది.

చీటీ: "ఉఫ్ అని ఊదేశాగా, ఇంక నొప్పి లేదు, పో ఆడుకో."
ఎవరన్నారు: ఎదురింటి దర్జీ ఆవిడ.
ఏం చేస్తూ: మనవరాలి మోకాలి మీద దెబ్బ చూస్తూ.

చీటీ: "ఊదితే పడిపోయేట్టున్నావు, కాసేపు కూర్చో."
ఎవరన్నారు: తాళాలవాడు.
ఏం చేస్తూ: నేను మెట్ల మధ్యలో ఆగితే, చేతిలో సంచీ తీసుకుంటూ.

చీటీ: "గట్టిగా ఊదండి, ఇంకా, ఇంకా, ఆపకండి... సరే, పర్లేదు, మళ్ళీ మొదట్నుంచి."
ఎవరన్నారు: తెల్లకోటు అమ్మాయి.
ఏం చేస్తూ: యంత్రంలో గీత చూస్తూ.

మీ మామ


నిఘంటువు కార్యాలయం
మార్చి 12

మామయ్యా,

గుండ్రాయి మెట్ల మధ్యలో ఆగుతుందా?

నన్ను ఏమనుకున్నావు? ఎవరన్నారు, ఏం చేస్తూ అన్నారు అని రోజుకి వంద చీటీలు చదివే మనిషిని నేను. ఉత్తరంలో కోతలు తెగ కోశావు. చీటీల దగ్గరికి వచ్చేసరికి నిజం రాసేశావు. పైన "నేను గుండ్రాయిలా ఉన్నాను" అని రాసిన చేత్తోనే కింద "తెల్లకోటు అమ్మాయి" అని రాశావంటే, నా పద్ధతిని నాకంటే నువ్వే గట్టిగా పట్టుకున్నావన్నమాట. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పెద్దసారుకి ఆ చీటీ చూపిస్తే ఒక్క క్షణం చూసి, "ఇది నిజం చీటీ. ముందు మనిషి ఎలా ఉన్నాడో కనుక్కో, పెట్టె తర్వాత" అన్నాడు.

ఫోన్ ఎందుకు వద్దన్నావో ఇప్పుడర్థమైంది. బర్నర్ హోరుకి కాదు. నీ ఆయాసం నాకు వినపడుతుందని.

ఆ అమ్మాయి ఏం చెప్పింది? నీ ఊపిరి ఎంత మిగిలింది? ఫ్లాస్కు సంగతేంటి? గొప్పలొద్దు, ఉన్నదున్నట్టు రాయి. కావాలంటే ఉత్తరమంతా చీటీలాగే రాయి.

కోడలు


గాజు దుకాణం, వెనక గది
మార్చి 29

అమ్మాయ్,

సరే. ఉన్నదున్నట్టే రాస్తున్నాను. ఈ ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది.

నా రెండు ఊపిరితిత్తులూ కలిపి ఒకటి చేసే పని చేస్తున్నాయట. నలభై ఏళ్ళు మంట దగ్గర నిలబడ్డందుకు. మూతికి గుడ్డ కట్టుకుని మంట ముందు నిలబడవచ్చు, ఊదడం మాత్రం ఇవాళ్టి నుంచే మానెయ్యాలని డాక్టరు చెప్పింది. "మానకపోతే?" అన్నాను. "ఉన్న సగం కూడా ఊదేసుకుంటారు" అంది. చీటీ రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఫోన్ సంగతి నువ్వనుకున్నదే. నాలుగు మాటలకోసారి ఆగాల్సొస్తోంది. ఉత్తరంలో ఎంతసేపు ఆగినా ఎవరికీ వినపడదు.

ఫ్లాస్కులు రెండు పోయాయి. మొదటిదానికి నడుం దగ్గర గీత పడింది, దగ్గొచ్చి పట్టు వదిలేశాను. రెండోదానికి గాలి పంపు పెట్టాను. గాజు ఇక చాలంటే పెదాలకి తెలుస్తుంది, పంపుకేం తెలుసు? ఒక పక్క పలచబడి కూలిపోయింది. అంత లావు గాజు గొట్టం ఇంకొక్కటే మిగిలింది. కాలేజీవాళ్ళకి చేతకాదని చెబితే ఈ దుకాణం పని అయిపోయినట్టే. ఆర్డరు ఒప్పుకుని చెయ్యలేకపోయిన గాజువాడి దగ్గరికి రేపెవరొస్తారు? అందుకే మూడోది కూడా నేనే ఊదుతాను. పోతే పోనీ అనుకున్నాను. ఊపిరి సంగతి మాత్రం అక్కకి చెప్పకు.

ఇంకొకటుంది. మీ అమ్మ చీటీ నా బల్ల మీదే పెట్టుకున్నాను. "వాడికి తెలిసింది మంట." ఆరు వారాలు రోజూ చూశాను. అది నిజం.

చిన్నప్పుడు నాన్న మా ఇద్దరికీ పని నేర్పాడు. రబ్బరు గొట్టం అక్క నోట్లో, బర్నర్ నా చేతిలో. గొట్టం నోట్లో ఉంటే మాట్లాడలేం కదా, అందుకని అక్క వేలితో బల్ల మీద కొట్టేది. ఒకసారి కొడితే మంట పెంచాలి, రెండుసార్లు కొడితే తీసెయ్యాలి. అలా మేమిద్దరం ఒక మనిషిలా పనిచేసేవాళ్ళం. ఆ రోజుల్లో విడిగా అయితే నేను ఊదింది ఎప్పుడూ వంకరే. అక్కకి మాత్రం ఊదడం పుట్టుకతో వచ్చింది.

నాకు పంతొమ్మిది, అక్కకి ఇరవై మూడు ఉన్నప్పుడు నాన్న పందెం పెట్టాడు. "గీత పడకుండా ఐదు లీటర్ల ఫ్లాస్కు ఎవరు ఊదితే వాళ్ళదే దుకాణం." ఆయన సరుకు ఇచ్చి రావడానికి బయటికి వెళ్ళిన పూట అక్క ఊదింది. మంట నేను పట్టాను. నాన్న సాయంత్రం తిరిగొచ్చి, గాజుని నిదానంగా చల్లార్చే పొయ్యి తలుపు తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎవరు ఊదారు?" అన్నాడు.

అక్క ఇంకా ఆ రబ్బరు గొట్టం చేతిలో పట్టుకుని తుడుస్తోంది. నేను ముందుకొచ్చి "నేనే" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నాన్న ముఖంలో ఆ సంతోషం ఒక్కసారైనా నాకోసం కావాలనిపించింది. అక్క నా వైపు చూసింది. నేనే సర్దుకుని నిజం చెబుతానని చూసిందనుకుంటాను. ఆ పూటంతా చూసింది, మర్నాడు చూసింది. నాన్న కాగితం రాసి ఫ్లాస్కు మెడకి కట్టిన రోజు కూడా చూసింది. నెల తిరక్కుండా టీచరు ట్రైనింగుకి వెళ్ళిపోయింది. నాన్న పోయేదాకా నేను చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి ఎవరూ లేరనుకున్నాను. అక్క ఉందిగా! సిగ్గులేని మనిషిని.

నీ అరచేతి వెడల్పు చీటీ మీద అబద్ధం రాయలేకపోయినవాణ్ణి, ఆ కాగితాన్ని మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళు బీరువాలో పెట్టి రోజూ దుమ్ము తుడిచాను.

మీ మామ


ఇల్లు, వంటింటి బల్ల
ఏప్రిల్ 8

మామయ్యా,

ఊపిరి సంగతి అమ్మకి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. ఫ్లాస్కు సంగతి చెప్పొద్దనలేదు. ఆ రెండు పేజీలూ పొద్దున టీ తాగేటప్పుడు ఎదురుగా కూర్చుని చదివి వినిపించాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టలేదు. టీ చల్లారిపోయింది, అయినా ఊదుకుంటూనే ఉంది. నేను చదవడం ఆపాక అంది, "ఆ ఒక్క ముక్క అనడానికి ముప్పై ఎనిమిదేళ్ళా వీడికి? నాకు దుకాణం ఎందుకే! ట్రైనింగులో చేరినరోజే దాన్ని మరిచిపోయాను. ఊదిన గొట్టం ఇంకా నా చేతిలో ఉండగా నా ఎదురుగానే 'నేనే' అన్నాడు చూడు, అది గొంతులో పడి ఉండిపోయింది." ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నేను లేచి చల్లారిన టీ మళ్ళీ వేడి చేశాను.

కాసేపటికి ఆవిడలోని ఆటల టీచరు లేచింది. "ఇన్నేళ్ళు నోరు విప్పనివాడు ఇప్పుడెందుకు విప్పాడు? వాడి ఊపిరికేమైంది?" అని అడిగింది. నేను నోరు మెదపలేదు, ఒట్టు. మిగతా రెండు పేజీలు నా చేతిలోంచి లాక్కుని ఆవిడే చదువుకుంది. నన్ను తిట్టకు. ముప్పై ఏళ్ళు వెనక బెంచీల పిల్లల్ని పట్టుకున్న చెయ్యది.

ఈ కింద కాగితం ఆవిడదే. ఒక్క అక్షరం దిద్దనివ్వలేదు.

కోడలు

ఒరేయ్ తమ్ముడూ,

మే రెండో తారీఖు పొద్దున బండికి వస్తున్నాను. ఆ మూడో గొట్టం ముట్టుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతాను.

మంట నువ్వు చూసుకో. ఊపిరి నాది. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఆరు చుట్లు నడుస్తాను, పిల్లలు దాటిపోతే ఊరుకోను.

రబ్బరు గొట్టం కొత్తది కొను. నీ ఎంగిలిది నోట్లో పెట్టుకోను.

అక్క


గాజు దుకాణం, ముందు గది
మే 17

నిఘంటువమ్మా,

ముందు గదిలో కూర్చుని రాస్తున్నాను. వెనక గది మీ అమ్మ ఆక్రమించుకుంది. నేను సర్దిన పనిముట్లన్నీ మార్చి పెట్టింది, ఏదీ దొరికి చావడం లేదు. అడిగితే, "ఇవి ఇలాగే ఉండేవి, నువ్వే మార్చావు" అంటోంది. నిజమే.

అక్క దిగినరోజు బండి దగ్గర నేను సంచీ అందుకోబోయాను. "నువ్వు మొయ్యకూడదు" అని లాక్కుంది. దారంతా తనే మోసుకొచ్చింది. దుకాణంలోకి రాగానే బీరువా ముందు ఆగింది. తలుపు తీసి, ఫ్లాస్కుని రెండు చేతులతో ఎత్తి వెలుగులో తిప్పి చూసింది. "బాగా ఊదానురా" అంది. నేనప్పుడు కాళ్ళ మీద పడబోతే, "లే, మోకాళ్ళు పట్టేస్తాయి, మళ్ళీ నేనే లేపాలి" అంది. అలా నవ్వుతూనే ఇద్దరం ఏడ్చాం.

ముందు చిన్నవాటి మీద చూశాం. మొదటిది పగిలింది, రెండోది బుడగలా తేలిపోయింది. "ఈలకి కొట్టినట్టు ఊదాలి, దీనికి పొదివి పట్టినట్టు ఊదాలి. ఆ తేడా పట్టుకోనీ" అంది. వారం పట్టింది. ఎనిమిదో రోజున, "పెద్దది ఎక్కించు" అంది.

అమ్మాయ్, ఆ పూట సంగతి ఎలా రాయను? లేత్ తిరుగుతోంది. మూతికి గుడ్డ కట్టుకుని నేను మంట పట్టాను. అక్క కళ్ళు గాజు మీద, చూపుడువేలు బల్ల మీద. ఒకసారి కొట్టింది, మంట పెంచాను. రెండుసార్లు కొట్టింది, తీసేశాను. ఒక్కటి కూడా మరిచిపోలేదు, ఇద్దరం. గాజు గుమ్మడికాయంత అయింది, ఇంకా పెరుగుతోంది. సగం దాటాక నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మంట నిలకడ తప్పింది. అంతా అయిపోయింది, మూడో గొట్టం కూడా పోయిందనుకున్నాను.

బల్ల మీద టక్ టక్ అని రెండు దెబ్బలు వినిపించాయి. మంట పక్కకి లాగి, వంగి దగ్గాను. అక్క కదల్లేదు. నాలుకతో గొట్టం మూసి పట్టుకుని, లోపలి గాలి చుక్క పోనివ్వకుండా నిలబడింది. ముఖం కందిపోయింది, మెడనరాలు తేలాయి. ఎంతసేపో నాకు తెలియదు. నా దగ్గు ఆగాక ఒక దెబ్బ కొట్టింది. మంట పెట్టాను. మళ్ళీ ఊదింది.

మర్నాడు చల్లార్చే పొయ్యిలోంచి తీసి ఇద్దరం దీపం ముందు తిప్పి తిప్పి వెతికాం. గీత లేదు.

ఇందాక కాలేజీ గుమాస్తా వచ్చాడు. రెండ్రోజులు ఆలస్యంగా వచ్చింది వాడే, మేం కాదు. ఫ్లాస్కు చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో మీటి చూసి అడిగాడు, "ఎవరు ఊదారండీ ఇది?" అని.

అదే మాట. అక్క తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది, నా వైపు చూడలేదు.

"మా అక్క ఊదిందండీ" అన్నాను. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. తాళాలవాడు తన దుకాణంలోంచి తొంగిచూశాడు. అక్క ముందుకొచ్చి గుమాస్తాతో, "మంట వాడిదే. రాసుకోండి, ఇద్దరివీ" అంది. వాడు ఇంకో మూడు ఫ్లాస్కులకి కాగితం ఇచ్చి వెళ్ళాడు. అక్క ఇప్పట్లో రాదు, ఆవిడ నడక చెప్పులూ ఈలా పంపించు. ఎదురింటి దర్జీ ఆవిడ మనవరాలికి తను ఈ పని నేర్పుతుందట.

గుమాస్తా వెళ్ళాక పాత ఫ్లాస్కు మెడ నుంచి ఆ కాగితం విప్పి చింపబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "నాన్న చేతిరాత మనకి ఇదొక్కటే మిగిలింది, చింపకు" అంది. అందుకని చింపలేదు. దాని కిందే ఇంకో వరస రాసి మళ్ళీ కట్టాను.

ఈ రెండు చీటీలూ మీ పెద్దసారుకి ఇవ్వు. పక్కన పెట్టిన నా పాతదాన్ని చింపెయ్యమను.

చీటీ: "ఊది పారేశాం కదరా, ఇంకా ఏం చూస్తున్నావు? మంట ఆర్పు."
ఎవరన్నారు: అక్క.
ఏం చేస్తూ: నోట్లోంచి గొట్టం తీస్తూ.

చీటీ: "కాదు నాన్నా, అక్క ఊదింది."
ఎవరన్నారు: తమ్ముడు.
ఏం చేస్తూ: "మా వాడు ఊదింది" అన్న నాన్న రాత కింద రాసి, అక్కకి పైకి చదివి వినిపిస్తూ.